గుమ్మం దాటని సోదా

చాలా ఏళ్ల క్రితం మా పక్కింట్లో పోలీసులు సోదా చేశారు. పంచనామాకి ఇద్దరు పెద్దమనుషులు కావాలంటూ, లుంగీ మార్చుకునే వ్యవధైనా ఇవ్వకుండా నన్ను పెద్దమనిషిని చేసేశారు. వెతికిన నగ దొరకలేదు. బీరువాలో చీరల మడతల్లోంచి తాకట్టు రసీదులు మాత్రం జారిపడ్డాయి. ఇంటావిడ తల వంచుకుంది. సబిన్‌స్పెక్టరుగారు చూపు తిప్పుకుని, "ఏమనుకోకండమ్మా" అన్నారు.

చట్టం కూడా సోదాని కష్టమైన పనిగానే పెట్టింది. వారంటు లేకుండా వస్తే కారణం ముందుగా కాగితం మీద రాయాలి. ఆ ప్రాంతపు పెద్దమనుషులిద్దరు సాక్షులుండాలి. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత వీడియో కూడా తియ్యమంది. అన్నీ బాగానే ఉన్నాయి, గుమ్మం దాటి వచ్చేవాడికి! అసలు గుమ్మమే దాటని యంత్రం మాటేమిటి?

1992లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో పోలీసులు వీధిలో కారులో కూచుని, వేడిని పసిగట్టే పరికరంతో కైలో అనే ఆయన ఇంటిని చూశారు. లోపల దీపాల కింద గంజాయి పెంచుతున్నాడని అనుమానం. 2001లో అక్కడి సుప్రీంకోర్టు, అయిదుగురు అటూ నలుగురు ఇటూ అయి, అదీ సోదాయే, వారంటు కావాలంది. ఇల్లాలు రాత్రి ఏ వేళకి స్నానం చేస్తుందో కూడా ఆ పరికరం పట్టెయ్యగలదే అని తీర్పు రాసిన జస్టిస్ స్కేలియా బెంగ. అయితే ఒక మెలిక ఉంది. పరికరం జనసామాన్యం వాడనిదైతేనే ఈ రక్షణ. అంటే అది రేపు సంతలో దొరికితే మన గోడ పలచబడ్డట్టేనా? పెళ్లి ఫొటోలకే డ్రోన్లు ఎగురుతున్న రోజులివి!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2018లో తెలంగాణ పోలీసులు తప్పిపోయిన పిల్లల ముఖాలు పోల్చే 'దర్పణ్' తెచ్చారు. బిడ్డ తల్లి ఒడి చేరితే ఎవరు కాదంటారు? కాని అదే విద్య వీధి కెమెరాకి నేర్పితే, ఒక్కడి కోసం దారినపోయే వెయ్యిమందినీ చూడాలి. అందులో నేనూ ఉంటాను. నన్ను చూడ్డానికి కారణం ఎవరు రాశారు? గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు 2017లోనే తేల్చారాయె.

"తప్పు చెయ్యనివాళ్లకి భయమెందుకండీ?" అంది మా ఆవిడ.

"మన పక్కింటావిడ ఏం తప్పు చేసిందీ?" అన్నాను. మా ఆవిడ మాట్లాడలేదు.

ఆ రోజు సబిన్‌స్పెక్టరుగారు చూపు తిప్పుకున్నారు. యంత్రానికి ఆ విద్య రాదు. అంచేత దాని వెనక కూచునే మనిషి చేతనైనా, చూసేముందు, ఎందుకు చూస్తున్నాడో రాయించాలి.