పక్కన పెట్టకూడనివి

బియ్యం బస్తా పక్కన పురుగుమందు డబ్బా పెట్టకూడదని తెలియటానికి పెద్ద చదువులు కావాలా? అక్కర్లేదంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని, మా ఆడబిడ్డ కూతురు బతుకమ్మ పండక్కి వచ్చేదాకా.

2023 అక్టోబరులో మా సిద్దిపేటకి రైలొచ్చింది కదా, సికింద్రాబాదులో అదెక్కి వచ్చింది పిల్ల. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. ఏం పని చేస్తావే అని అడిగితే, "లారీలకి సరుకు సర్దే ప్రోగ్రాం రాస్తున్నాం అత్తమ్మా" అంది. ఏ సరుకు ఏ లారీలో పోవాలో, ఎంత ఖర్చవుతుందో అంతా ఆ యంత్రమే లెక్కగట్టి చెబుతుందట. అయితే దానికి లెక్కలొచ్చు గానీ లోకజ్ఞానం లేదు. చోటు మిగిలితే చాలు, బియ్యాన్నీ పురుగుమందునీ కలిపి ఎక్కించేస్తుంది. అందుకని ముందే రెండు పట్టికలు రాసివ్వాలి. ఏ సరుకుకి ఏ సరుకు పొసగదో మొదటిది, ఏ సరుకుకి ఏ బండి పొసగదో రెండోది. ఐస్‌క్రీమ్ మామూలు లారీలో పోకూడదు. యాసిడ్ మోసే ట్యాంకర్లో మంచినూనె పొయ్యకూడదు.

"పొసగకపోవటంలోనూ రెండు రకాలున్నాయి అత్తమ్మా" అంది. ఒకటి, చచ్చినా కుదరదు. రెండోది, వీలైతే వద్దు. తప్పకపోతే ఇంత జరిమానా అని లెక్కలో వేస్తారు. టీపొడి పక్కన సబ్బులు పెడితే వాసన పట్టేస్తుంది. ఇంకో లారీ పెట్టే ఖర్చు జరిమానా కన్నా తక్కువైతే యంత్రం ఇంకో లారీ పెడుతుంది. ఎక్కువైతే కలిపే పంపేస్తుంది.

టీపొడి సంగతి సరే. ప్రాణాల సంగతిని కూడా ఎవరైనా ఆ రెండో రకంలో రాసేస్తే? 1958లో కేరళలో గోధుమపిండితో చేసిన తిండి తిని నూరుమందికి పైగా చనిపోయారు. రవాణాలో ఆ పిండికి పారథియాన్ అనే పురుగుమందు అంటుకుంది. అంతమంది పోయాక 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971 నాటి నిబంధనలు, తిండి పదార్థాలకీ పశువుల దాణాకీ తగిలేలా పురుగుమందుని మొయ్యకూడదు, నిలవ చెయ్యకూడదు అన్నాయి. పట్టికలో ఒక్క గడి నింపటానికి అంత ఖరీదు చెల్లించాం మనం!

"అయితే అన్నిటినీ మొదటి రకంలోనే రాసెయ్యరాదూ? పీడా వదిలిపోతుంది" అన్నాను.

"అప్పుడు ప్రతి లారీ సగం ఖాళీగా పోతుంది" అంది నవ్వుతూ. ఇంకో చిక్కు కూడా చెప్పింది. వస్తువులు వేలకొద్దీ ఉంటాయి గనక ఒక్కొక్కదానికీ రాయలేరు, రకాలుగా విడదీసి రాస్తారు. పేరు చూసి రకం కట్టారా, అయిపోయారే. మన భాషలో తలనొప్పి బిళ్ళా మందే, పత్తి మీద కొట్టేదీ మందే, సీసాలో పోసుకు తాగేదీ మందే. "తిండి పక్కన మందు వద్దు" అని రాసేస్తే పసిపిల్లల దగ్గుమందు కూడా గోదాములోనే ఉండిపోతుంది. "అందుకే నేను ప్రతి నిబంధన పక్కనా 'ఎందుకు' అని ఒక గడి పెడతాను అత్తమ్మా. అది నింపలేకపోతే ఆ నిబంధన కొట్టేస్తాను" అంది.

భేషైన పని అని మెచ్చుకుని, పిల్ల వెళ్ళాక ఆ మాటే మరిచిపోయాను.

రెండు నెలలకి మా అత్తగారి ఊళ్ళో సంవత్సరీకానికి బియ్యం బస్తా, పప్పులూ పంపాల్సొచ్చింది. ఆ ఊరికే పోతున్న ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. గుమ్మం ముందు ఆపాడు గానీ, బియ్యం చూడగానే తల అడ్డంగా ఊపాడు డ్రైవరు.

"మందు డబ్బాలున్నయ్ అమ్మా. తినే వస్తువులు ఎక్కియ్య."

"ఓ మూలకి సర్దవయ్యా, ఇంకో వంద ఇస్తాలే" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. జరిమానా కట్టి కలిపే పంపెయ్యమన్నది యంత్రం కాదు, నేను.

"పైసలది గాదమ్మా. ఒక్క డబ్బా కారితే తినేటోళ్ళకు తెలుస్తదా? ఇవి దించి, బండి కడుగుకొని పొద్దుగాల వస్త" అని, కాసిని మంచినీళ్ళడిగాడు.

లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి అరుగు మీద బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ గ్లాసు తీసి నేను కిటికీలో పెట్టబోయాను. దాని చోటు అదే. పనిమనిషికీ, సిలిండరు తెచ్చే అబ్బాయికీ, ఇలా వచ్చిపోయే వాళ్ళకీ అందులోనే ఇస్తాం. మా అత్తగారి నాటి నుంచీ అది కిటికీలోనే. డిగ్రీ చదివాను, నవలలు రాశాను, వాటిలో మనుషులంతా ఒక్కటేనని పాత్రల చేత చెప్పించాను కూడా. ఆ గ్లాసు మాత్రం ఒక్కనాడూ వంటింట్లోకి రాలేదు.

ఎందుకు?

ఆ గడిలో ఏం రాయను? శుభ్రమా? నా ఎదురుగానే కడిగి బోర్లించాడు. అలవాటా? అలవాటు అనేది ఎప్పట్నించో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. తినేవాళ్ళెవరో తెలియకపోయినా వాళ్ళ కోసం ఒక ట్రిప్పు వదులుకున్నవాడి దగ్గర కారణమున్న నిబంధన ఉంది. నా దగ్గర ఉన్నది కారణం లేనిది. అతని నిబంధనకి నేను వంద రూపాయల ఖరీదు కట్టాను. నా దాన్ని మాత్రం చచ్చినా కుదరని రకంలో రాసి పెట్టుకున్నాను.

గ్లాసుని తీసుకెళ్ళి వంటింటి అలమరలో మిగతా వాటి మధ్య పెట్టేశాను. అన్నీ ఒకే రకం స్టీలు గ్లాసులు. నిజం చెప్పొద్దూ, మర్నాడు కాఫీ పోసుకోబోతూ అదేదో గుర్తుపట్టాలని చూశాను.

గుర్తుపట్టలేకపోయాను. ఆఖరికి ఏదో ఒక దాంట్లో పోసుకుని తాగాను.