సమానత్వము – ఏకత్వము

మార్కాపురపు పలకలు రెండింటిపై నొకే మాట వ్రాసినచో అవి సమానములా, ఒక్కటియా? 1995లో వెలువడిన జావా యను కంప్యూటరు భాషలో నివి వేఱు ప్రశ్నలు. వస్తువుల నడుమ జంట సమచిహ్నము “ఇది ఆ పలకయేనా?” యనును, ‘ఈక్వల్స్’ అను పద్ధతి “వ్రాత యొక్కటియేనా?” యనును. ఏ లక్షణములు లెక్కకు వచ్చునో ఆ పద్ధతిని రచించువాఁడే నిర్ణయించును.

గిద్దలూరులో పేరును, తండ్రిపేరును, వయస్సును గలిసిన కూలివారిద్దఱున్నారనుకొందము. ఆ మూఁటినే చూచు పద్ధతి వారిని సమానులనును. దానిని నమ్మి పునరుక్తులను దొలగించు జాబితాలో నొకరి కూలి పోవును. ఇది యంత్రదోషము గాదు, లక్షణముల నెంచినవాని దోషము. సమానముగాఁ జూడుఁడనిన నొక్కరిఁగాఁ జూడుఁడని యర్థమా? గుర్తింపుసంఖ్యనుగూడఁ జేర్చిన చిక్కు తీఱునందురు. ఆ సంఖ్య లేని యిద్దఱి గడులును ఖాళీయే. ఖాళీకి ఖాళీ సమానమని వ్రాయుటయే వాడుక.