అది ఏమీ చెయ్యదు

కుక్కని పెంచే ఇళ్ళల్లో తరచూ వినపడే మాట ఇది. గేటు దగ్గర జంకి నిలబడ్డ మనిషికి లోపలినించి ధైర్యం చెబుతారు, "రండి, అది ఏమీ చెయ్యదు" అని. నేనూ చెప్పాను. మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ ఒకే మనిషికి. ఆ తర్వాత ఒక పొద్దున అది ఆమెను కరిచింది.

అది హైదరాబాద్‌లో మేము అద్దెకుండే అపార్ట్‌మెంట్ గేటు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వెనకాల ఉండే వీధికుక్క. గోధుమరంగుది. రెండేళ్ళుగా దానికి అన్నం పెడుతున్నది నేనే. ఇంట్లో పిల్లి కూడా ఉంది. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. చదవడం నా వృత్తి. కథల్లో నోరు విప్పని స్త్రీపాత్రల మౌనానికి అర్థమేమిటో చెబుతూ పెద్ద సిద్ధాంతగ్రంథమే రాశాను. మాట్లాడని ఈ రెండు జీవులనూ కూడా చదవగలననే అనుకున్నాను.

మన భాష వీటికి ముందే స్వభావాలు రాసిపెట్టేసింది. కుక్కకి విశ్వాసం, పిల్లికి స్వార్థం. కొట్టినా తిరిగొస్తుంది కాబట్టి కుక్క మంచిది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, కాలు కాలితే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈ మాటలు విన్నప్పుడల్లా మా వైపు ఇళ్ళల్లో కోడళ్ళ గురించి మాట్లాడుకునే తీరు గుర్తొచ్చేది. పడి ఉంటే విశ్వాసం, తనకో ఇష్టం ఉంటే పొగరు. అందుకే చాలాకాలం నేను పిల్లి పక్షం వహించాను. (అదీ ఒక అపార్థమే. నా రాజకీయాలు మొయ్యడానికి ఆ పిల్లి ఒప్పుకుందా?)

నిజానికి మనం చూసేది వాటి మనసుని కాదు, మనకి అలవాటైన గుర్తుల్ని. 2019లో కుక్కల, తోడేళ్ళ ముఖకండరాలను పోల్చి చూసిన శాస్త్రవేత్తలకు ఒక తేడా కనపడింది. కనుబొమ లోపలి కొసను పైకెత్తే కండరం కుక్కల్లో స్పష్టంగా ఉంది, తోడేళ్ళలో అంతగా లేదు. "పాపం, ఎంత దీనంగా చూస్తోందో" అని మనం కరిగిపోయే చూపు ఆ కండరం పని. వేల ఏళ్ళుగా ఏ చూపుకి మనుషులు ముద్ద విదిల్చారో ఆ చూపు నిలిచిపోయి ఉంటుంది. ఒంటరిగా వేటాడే ఆఫ్రికా అడవిపిల్లి సంతతికి చెందిన మన పిల్లి ముఖంలో ఆ వేడికోలు కనపడదు. వెంటనే దాన్ని మనసు లేనిదంటాం. అదే ఏడాది అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ వైటేల్ బృందం పిల్లికూనల్ని కొత్త గదిలో కాసేపు ఒంటరిగా వదిలి, పెంచే మనిషి తిరిగి రాగానే ఏం చేస్తాయో గమనించింది. తల్లి రాగానే పసిబిడ్డలు కుదుటపడ్డట్టే, దాదాపు మూడింట రెండు వంతుల కూనలు కుదుటపడ్డాయి.

పిల్లి సంతోషంగా ఉన్నప్పుడే గురగురలాడుతుందనుకుంటాం. జబ్బుపడ్డప్పుడు, నొప్పిలో ఉన్నప్పుడు కూడా గురగురలాడుతుంది. మా మొదటి పిల్లి మూత్రపిండాలు పాడై పోయింది. చివరి వారమంతా నా ఒళ్ళో గురగురలాడుతూనే ఉంది. "ఎంత హాయిగా ఉందో" అని ఫోన్‌లో అమ్మతో చెప్పాను కూడా.

కుక్క విషయంలో మన పొరపాటు తీర్పులదాకా వెళ్తుంది. తప్పు చేసిన కుక్క చెవులు వాల్చి, చూపు తిప్పుకుని, కుంచించుకుపోతుందని అందరం అంటాం. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలతో దీన్ని పరీక్షించింది. తినుబండారం ముట్టొద్దని యజమాని చెప్పి బయటికి వెళ్తారు. తిరిగొచ్చాక, కొన్నిసార్లు అది తినకపోయినా తినేసిందని వాళ్ళకి చెప్పారు. కుక్క ముఖం తన తప్పుని బట్టి మారలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి మారింది. ఏ తప్పూ చెయ్యకుండా తిట్లు తిన్నప్పుడే ఆ "నేరస్థురాలి ముఖం" మరీ ఎక్కువగా కనపడింది. ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. చిన్నప్పుడు తల దించుకున్నందుకే "చూడు, ఒప్పుకుంటోంది" అనిపించుకున్న ఆడపిల్లలం మనలో ఎందరం లేము?

భారతంలో, ఆదిపర్వం మొదట్లోనే, ఈ ప్రశ్న అడిగిన తల్లి ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ముళ్ళు కొడతారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టించావని నిలదీస్తుంది. రాజు దగ్గర జవాబు లేదు. శపించి వెళ్ళిపోతుంది. ఈ కథని నేను క్లాసులో చాలా ఆవేశంగా చెబుతాను. పిల్లి ముందు నగ్నంగా నిలబడి సిగ్గుపడ్డ డెరిడా కథ కూడా చెబుతాను. ఆ పిల్లి ఆ పొద్దున అసలేం చేస్తోందో, ఏం కోరుతోందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనకి లేకపోయిందని 2008లో డొనా హారవే పెట్టిన అభ్యంతరం నాకు చాలా ఇష్టం.

ఇంత చదివి నేను చేసిన పని ఇది.

2024 నవంబరులో ఆ కుక్క ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల అయిదు పిల్లల్ని పెట్టింది. మా ఇంట్లో పనికొచ్చే ఆమె పొద్దున ఆరింటికే ఆ పక్కనుంచి రావాలి. (ఆమెను నేను "అక్కా" అంటాను, ఆమె నన్ను "మేడం" అంటుంది. ఆ తేడా గురించి వేరే వ్యాసం రాయొచ్చు.) మొదటి రోజే చెప్పింది: "మేడం, గా కుక్క పిల్లల్ని వెట్టింది. దాని దిక్కు వస్తుంటే భయమైతుంది." ఏమీ చెయ్యదన్నాను. మర్నాడు మళ్ళీ అంది. నవ్వి, తోక ఊపుతోంది కదా అన్నాను. "ఊపుతుంది గని, నిలవెట్టి ఊపుతుంది మేడం. గట్ల ఊపితే మంచిగ లేనట్టు."

ఆమె చెప్పింది అక్షరాలా సరైనది. బిగదీసి పైకి నిలిపిన తోక కదలడం స్నేహం కాదు, హెచ్చరిక కావచ్చు. నేను ఎక్కడో చదివిన విషయమే. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలో మేకల మంద కాసే కుక్కల మధ్య పెరిగిన మనిషి దాన్ని కళ్ళతో చూసి చెబుతుంటే, నాకు భయస్తురాలి మాటలా వినపడింది. మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో, చెప్పేవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి వాళ్ళ మాటకి విలువ తగ్గించడమే ఒక అన్యాయమని వివరంగా వాదించింది. ఆ పుస్తకం నా బల్లమీదే ఉంది. మూడోరోజు కూడా "అది ఏమీ చెయ్యదు" అన్నాను.

పిక్క మీద లోతుగా దిగింది. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ సూదులు పొడుస్తుంటే నా చెయ్యి పట్టుకోలేదు, బెంచీ అంచు పట్టుకుంది. టీకాలకి మొత్తం నాలుగుసార్లు వెళ్ళాలి. నాలుగు ఇళ్ళలో పని. రెండు ఇళ్ళవాళ్ళు జీతం కోశారు. నేను కొయ్యలేదు, కోసిన డబ్బు కూడా ఇచ్చాను. అది చెప్పుకోదగ్గ సంగతేమీ కాదు.

ధర్మరాజు గుర్తొచ్చాడు. వెంటవచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడని ఆయన్ని పొగుడుతాం. అదే దారిలో అందరికంటే ముందు ద్రౌపది పడిపోయింది. ఎందుకు పడిందని భీముడు అడిగితే, అర్జునుడి మీద పక్షపాతం చూపిందని కారణం చెప్పి ముందుకు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు. కుక్క మీద దయ అబద్ధమని నేననను. ఆ దయ ఎవరిని దాటుకుని కుక్క దగ్గరికి చేరిందన్నదే నా ఇబ్బంది.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధికుక్కలు చంపేశాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని, పదకొండు రోజులకే ఆ ఉత్తర్వును సవరించింది. అప్పుడు మా స్నేహితుల మధ్య కూడా పెద్ద వాదులాట జరిగింది. కుక్క స్వభావం తమకు తెలుసని అటూ ఇటూ అందరూ అన్నారు. తెల్లవారుజామున కాలినడకన పనికి పోయేవాళ్ళు, చెత్త ఏరేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు ఆ వాదనలో ఎవరికీ గుర్తురాలేదు. ఒక ఏడాది కిందట అయితే నాకూ గుర్తొచ్చేవాళ్ళు కాదు.

ఆ కుక్కకి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించారు. చెవి కొస కత్తిరించి మళ్ళీ అక్కడే వదిలారు. నేను అన్నం పెట్టే చోటు గేటుకి దూరంగా, ఖాళీ స్థలం వైపు మార్చాను. ఈ వ్యాసంలో పేరు రాయనా అని ఆమెను అడిగితే, "ఎందుకు మేడం, కుక్క కరిసిందని లోకమంత తెల్వాల్నా?" అంది.

ఇప్పుడు రోజూ ఆరింటికి మిస్డ్ కాల్ ఇస్తుంది. దిగి వెళ్తాను. కొన్నిరోజులు నేను వెళ్ళేసరికే మెట్లెక్కుతూ ఎదురొస్తుంది, "ఇయ్యాల మంచిగనే ఉంది" అంటూ. కొన్నిరోజులు గేటు బయటే నిలబడి తల అడ్డంగా ఊపుతుంది. నా కళ్ళకి కుక్క నిన్నటిలాగే ఉంటుంది. ఏం చూశావని అడుగుతాను.