ఆత్మరక్షణము – ఆయుధధారణము

తన ప్రాణమును కాపాడుకొనుటకై మనుష్యుడు ఆయుధము ధరింపవచ్చునా? ధరింపవచ్చునన్నచో ఎక్కడ, ఎంతకాలము? చిన్న తెరచాప నావలపై దేశదేశములు తిరుగువారిలో ఈ ప్రశ్న నేటికిని తెగలేదు. నడిసముద్రమున ఠాణా లేదు. కేక వేసినను వినువాడు లేడు. కావున తుపాకి దగ్గర నుండవలెనని కొందరందురు. తుపాకి యున్నచో దోపిడి కాస్తా హత్యగా మారునని మరికొందరందురు. 2001 డిసెంబరులో న్యూజిలాండు నావికుడు పీటర్ బ్లేక్ బ్రెజిలు దేశమున, అమెజాను నదిపై మకాపా పట్టణము చెంత నావ నిలిపియుండగా దొంగలు దానిపై కెక్కిరి. ఆయన తుపాకి తీసి వారిలో నొకనిని గాయపరచెను. అంతలో తుపాకి మొరాయించెను. దొంగల గుండ్లకు ఆయన బలియయ్యెను.

దీనిని చూచి ఆయుధము వ్యర్థమని తీర్పు చెప్పుట సులభము. నల్లగొండ, పాలమూరు మెరకసీమలవారమగు మాకు సముద్రము దూరమే కాని, ఈ ప్రశ్న దూరము కాదు. 1946 జులై 4వ తేదీన కడవెండిలో ఊరేగింపుగా వచ్చిన రైతులపై దేశముఖు మనుషులు తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య నేల కొరిగెను. రైతుల చేతులలో నుండినవి కర్రలు, వడిసెలలు మాత్రమే. బైరాన్‌పల్లి ప్రజలు బురుజుపై కావలి యుండి రజాకార్లను పలుమారు తరిమివేసిరి. 1948 ఆగస్టు 27వ తేదీన రజాకార్లు సర్కారు బలముతో వచ్చి, ఊరిని ముట్టడించి, పెక్కుమందిని చంపిరి. ఆ ప్రజలు ఆయుధము పట్టుట తప్పని ఎవరనగలరు?

1860 నాటి భారత శిక్షాస్మృతి ఆత్మరక్షణ హక్కును ఒప్పుకొనుచునే దానికి హద్దులు గీసినది. అధికారుల శరణు జొచ్చుటకు వ్యవధి యున్నచోట ఆ హక్కు లేదు. రక్షణమునకు కావలసినదానికంటె మించిన హాని చేయరాదు. 2024 జులైలో దాని స్థానమున వచ్చిన న్యాయసంహితయు ఈ హద్దులనే నిలిపినది. ఈ హద్దులు శాసనమునకే కాక ధర్మమునకును హద్దులని మా యభిప్రాయము. బైరాన్‌పల్లిలో శరణీయవలసిన అధికారమే శత్రువుతో కూడి వచ్చెను. ఆ ప్రజలకు వేరు దారి లేదు. నడిసముద్రమున నున్న నావికునకును కొంతవరకు అట్టి న్యాయమే వర్తించును. రేవు చేరినపుడు మాత్రము అతడు పరదేశమున అతిథి. అనేక దేశములు అతడు తన తుపాకిని చూపి, తిరిగి పోవునంతవరకు అధికారులకు అప్పగింపవలెనని విధించుచున్నవి. ఇది అవమానము కాదు. ఇంటివారి నమ్మకమునకు అతిథి చెల్లించు మూల్యము.

ఆయుధము పట్టుట కంటె దించుట కష్టము. 1948 సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగిపోయిన పిమ్మట ఇక తుపాకి దింపవలెనని రావి నారాయణరెడ్డిగారు మొదలగువారు వాదించిరి. దించినచో దొరలు తిరిగివచ్చి భూములు లాగికొందురని ఇతరులు వాదించిరి. ఆ భయము నిరాధారము కాదు. సైన్యము వెంట దొరలు గ్రామములకు మరలి వచ్చుచునే యుండిరి. పోరాటము మూడేండ్లు సాగి, 1951 అక్టోబరులో విరమింపబడెను. 1952లో నల్లగొండ ప్రజలు నారాయణరెడ్డిగారిని అఖండమైన ఆధిక్యముతో లోకసభకు పంపిరి. తుపాకి చేయలేని పనిని ఓటు చేయునన్న ఆశ వారికి కలిగెను గనుకనే అది సాధ్యమయ్యెను.

చదువరులారా! భయపడినవానికి అహింసను బోధించుట మనకు సులభము. కాని యట్లు బోధించుటకు ముందు, అతడు పోయి తన గోడు చెప్పుకొని న్యాయము పొందగల చోటు నొకదానిని మనము చూపవలెను. అది చూపలేనినాడు అతని చేతిలోని ఆయుధమునకు మనమును బాధ్యులమే. అది చూపిన పిమ్మటను అతడు దించనిచో, ఆ బాధ్యత అతనిదే యగును.