చాలు అనువారెవరు?

సాయంకాలము ఒక గృహమునకు అతిథి వచ్చును. యజమాని లేచి నిలుచును, రండనును, ఆసనము చూపును. మర్యాదలో లోపమేమియు లేదు. కాని అతని యెడమచేతిలో సెల్ ఫోను వెలుగుచుండును. మాట అతిథితోను, చూపు దానితోను నడచును. గృహిణి మంచినీరు తెచ్చి యిచ్చి, తన ఫోను మ్రోగగా లోనికి పోవును. మూలనున్న బాలుడు తల యెత్తనే యెత్తడు. అతిథి కొంతసేపు ఊరక కూర్చుండి, తానును జేబులోనుండి ఫోను తీయును. నలుగురును ఒక్క గదిలోనే యుందురు, కాని ఎవ్వరును అచ్చట ఉన్నట్లు కాదు. ఇందు ఎవరి దోషమును చెప్పుకొనదగినంత పెద్దది కాదు. అందుచేతనే ఈ విషయము ఆలోచింపదగినదై యున్నది.

లింగాయత కుటుంబములలో వామకరతలమునకు ఒక ప్రత్యేక స్థానము కలదు. ఇష్టలింగమును అందుంచుకొని, దానిపై చూపు నిలుపుటను ఎనిమిది వందల సంవత్సరములకు పైగా పెద్దలు పిల్లలకు నేర్పుచు వచ్చిరి. ఆ అభ్యాసమున కరతలమునందలి వస్తువు మారదు. చూచువాని మనస్సు క్రమముగా మారును. నేడు అదే అరచేతిలోనికి మరియొక వస్తువు వచ్చి చేరినది. అందు దృశ్యము క్షణక్షణము మారుచుండును, చూచువాడు మాత్రము ఒక గంట గడచినను ఉన్నచోటనే యుండును. ఈ పోలికను ఇంతకంటె సాగదీయుట తగదు. ఫోను పాపపు వస్తువు కాదు. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠము ఇల్లు చేరినది దాని ద్వారానే. మార్కెట్టు ధరయైనను, బ్యాంకు పనియైనను, ఆసుపత్రి చీటియైనను నేడు అందుండియే తెలియుచున్నవి. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమును నిర్వహించినవాడు. లెక్కల పుస్తకములు పారవైచి అడవికి పొమ్మని ఎవ్వరికిని బోధించినవాడు కాడు. కావున ప్రశ్న పరికరము మంచిదా చెడ్డదా అనునది కాదు. దానిని రోజున కొంతసేపు ప్రక్కన పెట్టుట ఎందులకు? ఆ పెట్టుట ఎవరికొరకు?

సాధారణముగా చెప్పబడు సమాధానము, పెట్టువాని మేలు కొరకే అని. ఇది అసత్యము కాదు. తెరను చూచు కన్ను రెప్పవేయుట తగ్గించును, ఎండిపోవును. అందుచేత ప్రతి 20 నిమిషములకు ఒకమారు 20 అడుగుల దూరమున నున్న దానిని 20 సెకనులు చూడవలెనని నేత్రవైద్యులు చెప్పుదురు. ఏకాగ్రతను గూర్చి అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు గ్లోరియా మార్క్ చిరకాలము పరిశీలనలు జరిపినది. 2004లో కార్యాలయములలో పనిచేయువారు తెరపై ఒక దానిని విడిచి మరియొక దానికి పోవుటకు పూర్వము సగటున రెండున్నర నిమిషములు నిలిచెడివారనియు, ఇటీవలి సంవత్సరములలో అది 47 సెకనులకు దిగినదనియు ఆమె వ్రాసినది. 2017లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో దాదాపు 800 మందికి పరీక్షలు పెట్టిరి. కొందరి ఫోను బల్లమీద బోర్లించి యుంచబడినది, కొందరిది వేరు గదిలో నుండినది. మ్రోగుట ఎవరిదియు మ్రోగలేదు. వేరు గదిలో పెట్టినవారు పరీక్షను మేలుగా చేసిరి. తరువాత ఇతరులు జరిపిన పరీక్షలలో కొన్నింట ఆ ఫలితము అంత స్పష్టముగా కానరాలేదు గాన, దానిని తిరుగులేని ప్రమాణమనరాదు. అయినను, గదిలో ఎవరో పిలువబోవుచున్నారని ఎదురుచూచుచు చదువుకొనువాని చదువు ఎట్లుండునో పరిశోధకులు చెప్పకయే ఏ తల్లియైనను ఎరుగును.

అయితే మేలు తెలిసియు మనుష్యుడు ఏల చేయలేకున్నాడు? పడుకొనబోవునప్పుడు అయిదు నిమిషములని తీసినవాడు అర్ధరాత్రివరకు ఏల చూచుచున్నాడు? నిగ్రహము లేకపోవుట యని పెద్దలు తేలికగా చెప్పివేయుదురు. అది పూర్తి సత్యము కాదు.

పూర్వమున్న వస్తువులన్నిటిలోను 'చాలు' అను మాట ఇమిడి యుండెను. గ్రంథమునకు అధ్యాయాంతము కలదు. వార్తాపత్రికకు చివరి పుట కలదు. తపాలా రోజునకు ఒకమారు వచ్చెడిది. ఆ పూట ఉత్తరము రానిచో మరునాటివరకు ఎదురుచూచుట తప్ప చేయునది లేదు. దూరదర్శనము సైతము మొదటి దినములలో రాత్రి ప్రసారము ముగించి, తెర నల్లనై, ఇంటివారిని నిద్రకు పంపెడిది. 2006లో ఏజా రాస్కిన్ అను అమెరికా యువకుడు పుటకు అడుగు లేకుండ చేయు ఏర్పాటును రూపొందించెను. అంతకు పూర్వము ఇంటర్నెట్టులో ఒక పుట ముగిసిన పిమ్మట తరువాతి పుటకై మీట నొక్కవలసి యుండెను. ఆ నొక్కుట యందు క్షణకాలము ఆగుట యుండెను. ఆగినవాడు లేచిపోవుటకు వీలుండెను. ఆ క్షణము తొలగింపబడినది. వ్రేలు పైకి తోసినకొలది క్రిందనుండి క్రొత్తది వచ్చుచునే యుండును. తరువాతి కాలమున ఆయనయే తన పనిని గూర్చి బహిరంగముగా విచారపడెను. కాని విడిచిన బాణము విచారమువలన మరలి రాదు గదా!

దీనికి తోడు, వచ్చునది ఏమో ముందుగా తెలియకపోవుట ఒకటి. స్కిన్నర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పావురములతో జరిపిన ప్రయోగములు ప్రసిద్ధములు. ముక్కుతో పొడిచిన ప్రతిసారి గింజ పడినచో పావురము కడుపునిండిన పిమ్మట ఆగును. ఎన్ని పొడుపులకు గింజ పడునో తెలియకుండ చేసినచో విసుగులేక పొడుచుచునే యుండును. పది వ్యర్థ దృశ్యముల నడుమ ఒకటి నవ్వించును, ఒకటి కన్నీరు పెట్టించును, ఒకటి ఎరిగినవారి పెండ్లి చిత్రము. ఆ ఒకటి ఎప్పుడు వచ్చునో తెలియదు. 2016 తరువాత మన దేశమున ఇంటర్నెట్టు వెల పడిపోవుటతో ఈ గింజలకు ఖరీదును లేకపోయినది. ఇట్టి ఏర్పాటు నెదుట ఒంటరిగా కూర్చున్న పదునాలుగేండ్ల బాలుని నీకు నిగ్రహము లేదని నిందించుట, ఏటికి అడ్డముగా పసివానిని నిలిపి కొట్టుకొనిపోయినావేమని అడుగుట వంటిది.

ఇచ్చట కల్యాణమునందలి ఒక కథ జ్ఞప్తికి వచ్చును. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఆయన భార్య లక్కమ్మ ఆ బియ్యము వండి దాసోహము చేసెడిది. ఒకనాడు మారయ్య ప్రతిదినముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఈ ఆశ ఎక్కడిదని అడిగినది. ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని వెనుకకు పంపినది. ఈ కథను దురాశకు వ్యతిరేకముగా చెప్పుట వాడుక, అది సరియైనదే. అయితే అందు మరియొక విషయము కలదు. మారయ్య చెడ్డవాడు కాడు, శరణుడు. ఆనాడు గింజలు ఎక్కువగా రాలియుండెను, చేయి ఏరుచునే పోయినది. ఏరుచున్నవానికి తన సంచి ఎప్పుడు నిండినదో తెలియలేదు. తెలిసినది ఇంటనున్న లక్కమ్మకు. చాలు అనుమాట ఆయన నోటనుండి రాలేదు, ఆమె నోటనుండి వచ్చినది. ఆమె చెప్పినది విని, వాదింపక మరలిపోవుట మాత్రమే మారయ్య పని. శరణునకే మరియొకరి మాట కావలసి వచ్చినప్పుడు నేటి గృహస్థుడు తన గదిలో తలుపు వేసికొని తనకు తానే చాలు అనుకొనగలడని ఆశించుట అంత యుక్తముగా తోచదు.

అందుచేతనే ఒంటరి ప్రతిజ్ఞలు నిలుచుట అరుదు. ఈ మధ్య సంపన్నులకై విడుదులు వెలసినవి. అచ్చట ద్వారముకడనే ఫోను తీసికొని పెట్టెలో పెట్టి తాళము వేయుదురట, అందులకు రుసుము పుచ్చుకొందురట! రెండు దినములైన పిమ్మట పెట్టె తెరచినంతనే రెండు దినముల బాకీ ఒక్క రాత్రిలో తీర్చుకొనువారు ఉందురు. ఉపవాసమునాడు ప్రొద్దంతయు పారణను గూర్చియే తలచువాని ఉపవాసము ఇట్టిదే. మితిమీరి రోగముగా పరిణమించినవారి మాట వేరు. వారికి వైద్యము కావలెను; బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014 నుండి ఇందుకై ప్రత్యేక చికిత్సాలయము కలదు.

విరామమును అందరికిని ఒకే కొలతతో విధించుట న్యాయమా అను ఆక్షేపమునకు కూడ సమాధానము చెప్పవలసి యున్నది. హైదరాబాదు వీథులలో మోటారు సైకిలుపై భోజనపు పొట్లములు అందించు యువకునకు ఫోనే కాయకము. రాత్రి ఏడు గంటలకు దానిని ఆపినచో ఆనాటి కూలి పోవును. ఎదుటివారు విశ్రాంతిగా కూర్చుండి తినుటకు అతడు మెలకువగా నుండవలెను. అట్టివానికి విరామపు గొప్పతనమును బోధించుట కంటె, పొట్లము రెండు నిమిషములు ఆలస్యమైనచో కసరకుండుట మేలు. ఆసుపత్రిలో పిలుపునకై వేచియున్న వైద్యునకును ఈ నియమము వర్తింపదు.

మరియొక ఆక్షేపము ఇంకను సున్నితమైనది. మెదకు జిల్లా పల్లెలో ఒక తల్లి యుండును. కుమారుడు డల్లాసులో ఉద్యోగి. ఇచ్చట సాయంకాలము ఏడు గంటలైనప్పుడు అచ్చట ఉదయము. అతడు కారు నడుపుచు కార్యాలయమునకు పోవు వేళ. ఆ ఇరువది నిమిషములే అతనికి తీరిక, ఆ ఇరువది నిమిషములకే ఆమె ప్రొద్దుటినుండి కాచుకొని యుండును. అన్నము తిన్నావా అని ఆమె అడుగును, మోకాలి నొప్పి ఎట్లున్నదని అతడు అడుగును. ఏకాగ్రత కొరకు ఈ తల్లిని ఫోను ఆపుమనువాడు ఏకాగ్రత యననేమో ఎరుగనివాడు. ఆ సమయమున ఆమెకంటె నిండుగా మరియొకరిని వినుచున్నవారు ఆ ఊరిలో లేరు. ఆమె చేతనున్నది తెర కాదు, కుమారుని గొంతు. ఇదే తల్లి అతడు ఫోను పెట్టివేసిన పిమ్మట ఎవరెవరివో నృత్యములు, వంటలు, తగవులు గంటన్నర చూచుచు కూర్చున్నచో, ఆ వేళ ప్రక్కనున్న మనుమరాలు రెండుమార్లు పిలిచి ఊరకుండిపోయినచో, అది వేరు సంగతి. పరికరము ఒక్కటే. ఒక వేళ అది మనుష్యుని దగ్గరకు తెచ్చినది, మరియొక వేళ దగ్గరనున్నవానిని దూరము చేసినది. విరామము కావలసినది ఈ రెండవదానికి.

ఈ తారతమ్యము గ్రహించినచో విరామము ఎవరికొరకు అను ప్రశ్నకు దారి దొరకును. పిలిచిన మనుమరాలికి ఆ వేళ ఋణపడి యున్నది కన్నుల మేలు కాదు, చూపు. ధనమును దాసోహము చేయుటను గూర్చి మఠములు శతాబ్దములుగా చెప్పుచున్నవి. ధనమున్నవాడు ధనమిచ్చును, ధాన్యమున్నవాడు ధాన్యమిచ్చును. ఇంటివానికి, అతిథికి, వృద్ధునకు నిండు ధ్యానముతో గడియసేపు చూపు నిచ్చుట ఏ బీదవానికైనను సాధ్యమైన దానము. నేడు అది ధాన్యముకంటె అరుదైనది.

మహారాష్ట్రములో సాంగ్లీ జిల్లాయందు మోహిత్యాంచే వడగావ్ అను గ్రామము కలదు. జనాభా సుమారు 3000. కరోనా కాలమున పిల్లల చేతికి చదువు నిమిత్తము ఫోనులు వచ్చినవి. బడులు మరల తెరచినను చేతినుండి దిగలేదు. ఉపాధ్యాయులు ఆ మాట చెప్పిరి. గ్రామ పంచాయతీ మొదట స్త్రీలను సమావేశపరచెను. పిల్లల సంగతి సరే, ధారావాహికలు చూచుచు తామును అట్లే యున్నామని ఆ స్త్రీలే ఒప్పుకొనిరి. కావున నియమము పిల్లలకు మాత్రమే కాక పెద్దలకును అని నిశ్చయమైనది. 2022 ఆగస్టు నుండి సాయంకాలము ఏడు గంటలకు గ్రామ దేవాలయమునుండి సైరను మ్రోగసాగెను. అప్పుడు ఫోనులు, టీవీలు ఆపవలెను. పిల్లలు చదువుకొందురు, పెద్దలు మాట్లాడుకొందురు. అంగన్‌వాడీ కార్యకర్తలు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఇంటింటికి పోయి నచ్చజెప్పిరి.

ఆ ఏర్పాటులో ఒక తెలివి కలదు. ఒక్క ఇంటిలో తండ్రి ఫోను ఆపుమన్నచో, ఎదురింటి బాలుడు చూచుచున్నాడుగా అని కొడుకు అనును. ఊరంతయు ఒక్కమారు ఆపినప్పుడు పోగొట్టుకొనునది ఏమియు లేదు. సందేశము పంపువాడును లేడు, అందుకొనువాడును లేడు. ఇంటింట నొక లక్కమ్మ దొరకుట కష్టమని తలచి గ్రామమే ఆ మాట చెప్పుటకు పూనుకొన్నది. గంటన్నర గడచిన పిమ్మట, ఎనిమిదిన్నరకు సైరను రెండవమారు మ్రోగును. అప్పుడు కావలసినవారు ఫోను తీసికొనవచ్చును.