బాక్సుల పక్కన నిలబడకు నాన్నా

నాన్నా, సొంతంగా సౌండ్ సిస్టమ్ కొని బరాత్‌లకు తిప్పుతున్నావు. సంతోషం. నీ కష్టం మీద నువ్వు బతుకుతున్నావు, అందులో నేను వేలు పెట్టను. నా బెంగల్లా ఒక్కటే. బండి మీద బాక్సుల పక్కనే మిక్సర్ పెట్టుకుని గంటలకొద్దీ నిలబడతావు. అదేమిట్రా అంటే "అలవాటైపోయింది తాతయ్యా" అంటావు. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, నాకు లెక్క తప్ప ఇంకోలా చెప్పడం రాదు. కాసేపు కూర్చో.

నీ బాక్సు మీద 1000 వాట్లని రాసుంది. అందులో శబ్దంగా బయటికొచ్చేది నూటికి ఒకటో రెండో వంతులు, మిగతాదంతా కాయిల్ వేడెక్కడానికే పోతుంది. సరే, 10 వాట్లే వేసుకుందాం. అవి అన్ని వైపులా సమానంగా పరుచుకుంటే, దూరం ఎంతుందో అంత వ్యాసార్ధం ఉన్న గోళం వైశాల్యంతో, అంటే 4 పై ఆర్ స్క్వేర్‌తో, భాగించాలి. నువ్వు నిలబడే 2 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు 0.2 వాట్లు వస్తుంది. సన్న వీధిలో గోడల మీద కొట్టుకుని తిరిగొచ్చేది దీనికి అదనం.

చెవికి ఆనే అతి సన్నని శబ్దం చదరపు మీటరుకు ఒక వాటులో లక్ష కోట్లవ వంతు. దాన్నే సున్నా డెసిబెల్ అంటాం. అక్కణ్ణించి ప్రతి 10 డెసిబెల్స్‌కూ తీవ్రత పదేసి రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన నీ చోటు 113 డెసిబెల్స్.

ఇక నీ చెవికి ముట్టేదెంత? కర్ణభేరి వైశాల్యం సుమారు 0.6 చదరపు సెంటీమీటరు, చిటికెన వేలి గోరంత. దాని మీద సెకనుకు పడేది ఓ 12 మైక్రోజౌళ్ళు. మూడు గంటల బరాత్‌కు మొత్తం 0.13 జౌలు. వంద గ్రాముల సబ్బుబిళ్ళను జానెడెత్తు లేపడానికి కూడా చాలదు.

"ఓస్, ఇంతేనా" అనకు. మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆ మాటలు నీ చెవికి ఇంతే శక్తి ఇవ్వాలంటే రాత్రీ పగలూ ఆపకుండా 68 ఏళ్ళు వినాలి. ఒక జీవితకాలం వినాల్సింది నువ్వు ఒక్క రాత్రిలో చెవిలో దిగ్గొట్టుకుంటున్నావన్నమాట. దాన్ని కాచుకోవాల్సినవి లోపలి చెవిలో ఉండే రోమకణాలు, ఒక్కో చెవికి పదిహేను, పదహారు వేలు. పోతే పోయినట్టే. కోడికి మళ్ళీ మొలుస్తాయి, మనిషికి మొలవవు.

అలవాటు సంగతి కూడా చెబుతా. గంట గడిచాక సౌండ్ డల్ అయిందనిపించి ఫేడర్ పైకి తోస్తావే, డల్ అయింది బాక్సు కాదు, నీ చెవి. మర్నాటికి గుయ్యిమనే మోత తగ్గితే బాగైపోయిందనుకుంటావు. అలా రోజూ తేరుకుంటూ ఉండగానే ఒకనాటికి తేరుకోవడం మానేస్తుంది. కాబట్టి ఎంత మోతగా ఉందో నీ చెవిని అడక్కు, మీటరును అడుగు.

అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ పెట్టిన హద్దు ఇది: 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం. 100 దగ్గర పావుగంట. నీ 113 దగ్గర ముప్పావు నిమిషం. పాట పల్లవి కూడా పూర్తవదు! (రాత్రి పదయ్యాక స్పీకర్లు మోగకూడదన్న రూల్ నీకు నాకంటే బాగా తెలుసు, అది నువ్వూ పోలీసులూ చూసుకోండి.)

పని మానమనను. వైరు పొడవుది కొని మిక్సర్‌ను 8 మీటర్ల అవతల పెట్టుకో. దూరం నాలుగింతలైతే తీవ్రత పదహారో వంతుకు దిగుతుంది, అంటే 12 డెసిబెల్స్ తగ్గినట్టు. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి. దూది పనికిరాదు. ప్లగ్‌ను వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పోనిచ్చి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకో. సరిగ్గా పెడితే ఇంకో 20 తగ్గుతుంది. మొత్తం 81కి దిగావు. ఇక మూడు గంటలూ నిశ్చింతగా నిలబడొచ్చు. జనరేటర్ దగ్గరుండే కుర్రాళ్ళకూ కొనిపెట్టు, వాళ్ళూ నీలాగే ఒకరి పిల్లలు. చంటిపిల్లల్ని భుజాన వేసుకుని బాక్సు ముందు ఆడేవాళ్ళు కనిపిస్తే కాస్త వెనక్కి పొమ్మని మైకులోనే చెప్పు.

పెళ్ళిళ్ళ సీజన్ మొదలవకముందే ఒకసారి ఆడియోమెట్రీ చేయించుకో. మోత వల్ల వచ్చే చెవుడు మొదట 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల బయటపడుతుంది. మాట వినిపిస్తూనే ఉంటుంది, స, ష, ఫ లాంటివే జారిపోతుంటాయి. ఆ కాయితం తీసుకుని ఆదివారం ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.