కాస్త ఆగు బిడ్డా

బిడ్డా, ఒక్క నిమిషం ఆగు. ఎప్పుడు చూసినా ఉరుకులే. తార్నాకలో బస్సెక్కి కృష్ణానగర్‌కు ఆడిషన్లకు పోతున్నావంట. పో, నేను వద్దనను. సినిమాల్లో చెయ్యాలనుకోవడం తప్పేం కాదు. కానీ దాని కోసం క్యాంపస్ గ్రౌండ్‌లో ప్రాక్టీసు మానేశావంట చూడు, అదే నాకు మింగుడు పడడం లేదు. మీ గడప పక్కన నీ బూట్లు చూశాను. స్టడ్ల సందుల్లో మట్టి ఎండిపోయి పెచ్చులు రాలుతోంది. ఇదివరకు రోజూ తడి మట్టితో వచ్చేవాడివి, మీ అమ్మ తిట్టుకుంటూ కడిగేది. ఇప్పుడు ఆమె తిట్టడం కూడా మానేసింది.

ఫుట్‌బాల్ ఆడినవాళ్లు నటులు కాలేదా అంటావు. ఎందుకు కాలేదు? ఐ.ఎం. విజయన్ అయ్యాడు. విశాల్ ‘పొగరు’లో, విజయ్ ‘విజిల్’లో చూసే ఉంటావు. కానీ ఆ తెర మీదికి ఏ దారిన వచ్చాడో చూశావా? త్రిసూర్ స్టేడియంలో సోడాలమ్మిన పిల్లగాడు. మూడుసార్లు దేశంలోనే ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. 1999లో భూటాన్ మీద ఆట మొదలైన 12 సెకన్లకే గోల్ కొట్టాడు. జయరాజ్ తీసిన ‘శాంతం’లో నటించేనాటికి ముప్పై ఏళ్లు. ఆ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డొచ్చింది. అంత పేరొస్తే ఆట వదిలేశాడా? వదల్లేదు. 2003లో మన హైదరాబాద్‌లోనే ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగితే, నాలుగు గోల్స్ కొట్టి, జట్టుకు వెండి పతకం వచ్చాకే దేశం తరఫున ఆడటం చాలించాడు. తర్వాత సినిమాలున్నా కేరళ పోలీసులో ఉద్యోగం చేసుకున్నాడు. 2025లో రిటైరయ్యాడు. ఆ ఏడే పద్మశ్రీ వచ్చింది.

అంటే ఏంది? ఒకటి పూర్తిగా చేసినవాడికే రెండోది దక్కింది. నువ్వేమో సగం ఉడికిన అన్నానికే గంజి వార్చేస్తున్నావు.

మన ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ సంగతి వేరే చెప్పాలా? ఉస్మానియాలో చదివి, ఇదిగో ఈ పక్కన కాచిగూడ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. పోయేదాకా సిటీ పోలీస్ టీమును పట్టుకునే ఉన్నాడు. 1962లో జకార్తా ఏషియన్ క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చేనాటికి ఒంట్లో క్యాన్సర్. మరుసటేడే పోయాడు. ఆయన కథ మీద ‘మైదాన్’ సినిమా 2024లో గానీ రాలేదు. అంత ఓపిక నిన్ను అడగను. డిగ్రీ అయ్యేదాకా, యూనివర్సిటీ టీములో నీ వంతు ఆడేదాకా ఆగమంటున్నా, అంతే.

ఇంకోటి. మొన్న కోచ్ నిన్ను సబ్‌స్టిట్యూట్‌గా కూచోబెడితే అలిగి ఇంటికొచ్చేశావంట. మరి షూటింగ్‌లో ఏం చేస్తావు? పొద్దున్నే మేకప్ వేసుకుని కూచుంటే సాయంత్రానికి గానీ పిలుపు రాదు. ఒక్కోసారి ఆ రోజుకు రానే రాదు. బెంచీ మీద కూచోలేనివాడు అక్కడ కూచోగలడా? కోచ్ మాట పడనివాడు డైరెక్టర్ మాట పడగలడా? రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో రీల్స్ చూసుకుంటావు, పొద్దున మోకాలు లాగుతోందంటావు. ఆ మోకాలు పాడైతే ఆటా ఉండదు, నువ్వు చెయ్యాలనుకుంటున్న ఫైట్లూ ఉండవు. పెద్ద షరతులేం పెట్టడం లేదు నేను. వేళకు పడుకో, వేళకు లే. రోజుకు పది పేజీలు తెలుగు గట్టిగా చదువు, నాలుక తిరుగుతుంది. సెలవుల్లో నాటకాల వాళ్ల దగ్గర కూచో.

రోల్ ఇప్పిస్తా, ముందు డబ్బులు కట్టమంటున్నాడే ఎవరో, వాడికి మాత్రం రూపాయి ఇవ్వకు. పని ఇచ్చేవాడు నీకు డబ్బిస్తాడు గానీ నీ దగ్గర తీసుకోడు. మీ నాన్న పరీక్ష ఫీజుకని ఇచ్చిన డబ్బుందిగా, రేపు పోయి అది కట్టెయ్. కట్టి, అటునుంచి అటే కోచ్ దగ్గరికి పోయి, మళ్లీ వస్తానని నీ నోటితో నువ్వే చెప్పు.